మచ్చిక తీగ

మా తోడికోడలు హిమజ తయారుచేసిన జనరేటర్ బరువు పదమూడు కేజీలు. ఇరవై నాలుగేళ్లు గొడ్డుచాకిరీ చేసి నేను తయారుచేసింది నలభై ఆరు. జరిగిందంతా ఆ తేడాలోంచే పుట్టింది.

సైన్యం హెలికాప్టర్లలో కరెంటుకు ఎప్పుడూ కరువే. రాడార్‌కి కావాలి, రేడియోకి కావాలి, మంచుకొండల మీద ఎగిరేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా రెక్కలకి కావాలి. తిరిగే రెక్క మీద మంచు గడ్డకట్టిందంటే హెలికాప్టర్ ఇక గాల్లో నిలబడదు. అందుకని రెక్కల్లో హీటర్లు పెడతారు. అవి తాగే కరెంటు అంతా ఇంతా కాదు. ఎక్కువ కరెంటు కావాలంటే పెద్ద జనరేటర్ కావాలి. అంత బరువు పెడితే ఆ పల్చటి గాలిలో హెలికాప్టర్ లేవదు. హైదరాబాద్ శివార్లలో మా ప్రయోగశాలలో నేను ఆ బరువుతోనే కుస్తీ పట్టాను. అరవై రెండు కేజీల యంత్రాన్ని నలభై ఆరుకి దించాను. కేజీకి ఏడాదిన్నర పట్టింది. ఆ మధ్యలో నా జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి, ఒక్కరోజైనా విసుక్కోలేదు.

హిమజ తన యంత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నడుచుకుంటూ వచ్చి నా బల్ల మీద పెట్టింది. నాది కదపాలంటే ఇద్దరు మగవాళ్లు కావాలి.

"గిదేంది మేడమ్, గింత అల్కగున్నది! కుక్కర్ లెక్కనే ఉన్నది గద!" అన్నాడు మా టెక్నీషియన్ ఐలయ్య, దాన్ని ఎత్తి చూసి పళ్లికిలిస్తూ.

"ఒక్కో హెలికాప్టర్‌కి రెండు పెడతాం కదా," అన్నారు డైరెక్టర్ పట్టాభి గారు. "రెండిటి మీదా అరవై ఆరు కేజీలు మిగిలినట్టు. అంటే ఒక మనిషి. గాయపడ్డ జవాన్ని ఇంకొకణ్ణి ఎక్కించుకుని రావచ్చు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కళ్లలో నిప్పులు పోసుకుంటూ కొట్టాను.

దీన్ని నా నెత్తికి నేనే తెచ్చుకున్నాను, ఎవర్నీ అనడానికి లేదు. పదేళ్ల కిందట హిమజ మా దగ్గర ట్రైనీగా చేరినప్పుడు, పిల్ల చురుగ్గా ఉంది, వినయం ఉంది అని మురిసిపోయి మా మరిది చైతన్యకి సంబంధం కుదిర్చింది నేనే. "మేడమ్" అని పిలిచే పిల్ల మూడుముళ్లు పడగానే "అక్కా" అంది. పై వాటా వాళ్లది, కింది వాటా మాది, మా అత్తగారు రెంటికీ తిరుగుతుంటారు.

ఆ సాయంత్రం అత్తగారు నేను వంటింట్లో ఉన్నానని తెలిసీ హాల్లోంచి గట్టిగా అన్నారు. "చిన్నదాని బుర్రే బుర్ర! ముప్ఫయ్యేళ్లు దాటి మూడేళ్లు కాలేదు, డైరెక్టరంతటివాడు లేచి నిలబడ్డాడట!"

"అత్తయ్యా, ఆయన నాక్కూడా లేచి నిలబడ్డారు, పోయినేడు."

"ఎందుకే?"

"కుర్చీ విరిగితే," అన్నారు మా ఆయన శేషసాయి, పేపర్లోంచి తల తీయకుండా. ఈయన రైల్వే సిగ్నల్స్‌లో ఇంజనీరు, హాస్యం కూడా గూడ్సు బండిలాగే వేళాపాళా లేకుండా వస్తుంది. నేను కూర మాడబెట్టాను.

భోజనాలకు ముందు హిమజ కిందికి దిగొచ్చింది. నా పక్కన పీట వేసుక్కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచడం మొదలుపెట్టింది.

"అక్కా, నీ చెయ్యి కావాలి నాకు."

"దేనికి? గోరుచిక్కుళ్లకా?"

"జనరేటర్లో చుట్టిన తీగకి." గొంతు తగ్గించింది. "ఇది మామూలు రాగి కాదు కదా. ఎంత కరెంటు ఎప్పుడు నడిపితే, లోపలి రేణువులు దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. కోడెదూడని కాడికి మరిపినట్టు రోజూ కాస్త కాస్త బరువు ఎత్తించి మచ్చిక చేసుకోవాలి. అలవాటైందా, ఇంత సన్న తీగ అంత బరువూ లాగేస్తుంది."

"మరి కంప్యూటర్‌కి అప్పజెప్పు. మీ తరానికి అదేగా దేవుడు."

"అప్పజెప్పాను. మూడు యంత్రాలు పాడయ్యాయి. కంప్యూటర్ ఎంత గజిబిజిగా లోడు మార్చినా అడుగున ఏదో వరస ఉంటుంది. తీగ ఆ వరస పట్టేస్తోంది. వరస తప్పితే మొండికేస్తోంది. మనిషి చెయ్యి కావాలక్కా. ఎప్పుడు పెంచుతావో, ఎప్పుడు దించుతావో నీకే తెలీదు. నలభై పొద్దులు నువ్వు తిప్పితే చాలు."

పొగిడిందో వెక్కిరించిందో తెలియలేదు. కన్నతల్లి ఆవిడ, చంకనేసుకుని తిప్పే ఆయాని నేనూ అన్నమాట. వద్దు పొమ్మందామని నోటి చివరిదాకా వచ్చింది. కానీ నేను ఒప్పుకోకపోతే ఇంకొకరికి ఇస్తుంది కదా, అది మాత్రం భరించగలనా? సరేనన్నాను.

నిజం చెప్పొద్దూ, ఆ నలభై పొద్దులూ నా ఉద్యోగంలో నేను ఇష్టంగా గడిపినవి. తొమ్మిదింటికి సైరన్ మోగగానే హిమజ చేసిన రెండు జనరేటర్లనూ పక్కపక్కన ఒకే బెంచి మీద తిప్పేవాళ్లం. లోడు పెంచే మర మీద చెయ్యి వేసేదాన్ని. కాస్త పెంచేదాన్ని, నిలిపేదాన్ని, ఉన్నట్టుండి సగానికి లాగేదాన్ని. మొదటి వారం తీగ వేడెక్కి, మూలిగి, అలారం మోగించేది. పదో రోజుకి నా చెయ్యి కదిలేసరికి అందుకోవడం మొదలుపెట్టింది. ఇరవయ్యో రోజుకి కళ్లు మూసుకుని దాని చప్పుడు వింటూ నడిపేదాన్ని. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపేటప్పుడు వదలబుద్ధయ్యేది కాదు. ఇంతాచేసి ఫైలు మీద పేరు మాత్రం హిమజది.

మా దగ్గర ఒక కట్టుబాటుంది. నిండు లోడు మోస్తున్న యంత్రాన్ని వదిలి పరీక్ష చేసే మనిషి కదలకూడదు. తినేదీ తాగేదీ లోపలికి తేకూడదు. అందుకని పదకొండూ పదికి క్యాంటీన్ టీ బండి గంట వినగానే లోడు బాగా దించేసేదాన్ని. బయటికెళ్లి టీ తాగి, రిజిస్టర్‌లో పేరు రాసి, చేతులు తుడుచుకుని, తొడుగులు వేసుకుని మళ్లీ ఎత్తేదాన్ని. ఇరవై నాలుగేళ్ల అలవాటు, కాళ్లే తీసుకెళ్లి కాళ్లే తీసుకొచ్చేవి.

నలభై ఒకటో రోజు టీ బండి రాలేదు.

"బండి చక్రం ఊడిందంట మేడమ్. నేన్ పోయి ఫ్లాస్కుల పట్కొస్త," అని ఐలయ్య వెళ్లాడు. నేను లోడు దించకుండా కూర్చున్నాను. గడియారం పదకొండూ పది చూపించింది. రెండు యంత్రాల గొంతూ ఒక్కసారి నీరసపడింది. మీటరు ముల్లు జారి జారి ఐదో వంతు దగ్గర ఆగింది. రెండిటిదీ అంతే. నేను మర ఎంత తిప్పినా ఉలుకూ లేదు పలుకూ లేదు. పదకొండు నిమిషాలు గడిచాక ఎవరూ ఏమీ చేయకుండానే రెండూ లేచి మామూలుగా నడిచాయి.

నాకు వెంటనే అర్థమైంది. తీగకి గడియారం తెలియదు, కానీ మొదలైనప్పటి నుంచి ఎంతసేపయిందో ఒంట్లో వేడి బట్టి దానికి తెలుసు. రెండు గంటల పది నిమిషాలు నడిచాక పదకొండు నిమిషాలు సేదతీరాలని నలభై రోజులు నేనే దానికి నేర్పాను. మనిషి చేతికి వరస ఉండదని నమ్మిన మా హిమజమ్మ, ఆ మనిషికి టీ వేళ ఉంటుందన్న సంగతి మరిచిపోయింది.

నవ్వొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఒంటరిగా కూర్చుని నవ్వాను. ఎంత హాయిగా ఉందో! పది రోజుల్లో కమిటీ ముందు బెంచి మీద మూడు గంటల ప్రదర్శన ఉంది. పదిమందిలో యంత్రం చతికిలబడుతుంది, హిమజ మొహం ఒక్కసారి మాడుతుంది. నేల మీది యంత్రం పడితే ఎవరి ప్రాణం పోతుంది? ఇంకో నలభై పొద్దులు, ఈసారి టీ లేకుండా మళ్లీ మచ్చిక చేసుకోవచ్చు. కానీ ఆ ఒక్క రోజు మా అత్తగారు కూడా ఆ కబురు వింటారు.

పరీక్షల పుస్తకంలో "మీటరు లోపం, మార్చవలెను" అని రాసి సంతకం పెట్టాను. ఇరవై నాలుగేళ్లలో నేను రాసిన మొదటి అబద్ధం అది. ఐలయ్య ఫ్లాస్కు పట్టుకుని వస్తే యంత్రాలు ఆపి, బయటికెళ్లి, టీ అడిగి మరీ రెండు గ్లాసులు తాగాను.

ప్రదర్శన జరగలేదు. కొండదారులు మంచుతో మూసుకుపోయేలోపు అక్కడే ఎగిరి చూడాలని సైన్యం పట్టుబట్టింది. ఇక్కడ నలభై నిమిషాలు ఎగిరించారు, బ్రహ్మాండంగా నడిచింది. పట్టాభి గారు అందర్నీ తన గదిలోకి పిలిచారు.

"సువర్చలా, నలభై రోజులు దగ్గరుండి చూసినదానివి నువ్వు. అభ్యంతరం ఏమైనా ఉందా?"

ఉందని చెప్పడానికి అదే సమయం. హిమజ నా వైపు చూసి నవ్వుతోంది. కొండల మీద ఎగిరేది గంటా నలభై అయిదు నిమిషాలని కాగితంలో ఉంది. రెండు గంటలు దాటదు కదా, పాతిక నిమిషాల వ్యవధి ఉంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"లేదు సార్," అన్నాను.

మా పద్ధతి ప్రకారం కొత్త యంత్రం మొదటిసారి దూరం వెళితే తయారుచేసినవాళ్లు అందులో కూర్చోవాలి. కొండల మధ్య సైనిక స్థావరంలో, పొద్దున ఎనిమిదింటికి హిమజ హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. నడిపే ఆయన మేజర్ బానోతు, మహబూబాబాద్ దగ్గర తండా నుంచి వచ్చినవాడు. తెలుగువాళ్లం దొరికామని ముందురోజంతా మాతో తెలుగే మాట్లాడాడు, ఇద్దరు పిల్లల ఫొటోలు చూపించాడు. నేను రేడియో గదిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్నాను.

హెలికాప్టర్ లేచిన పది నిమిషాలకు రేడియో దగ్గరి సుబేదారు టీ ఇస్తూ హిందీలో చెప్పాడు: "బరువు తగ్గిందిగా మేడమ్, మేజర్ సాబ్ ఆ మేరకు ఇంధనం పోయించుకున్నాడు. మూడు గంటలు తిరిగొస్తారట."

ఆ గ్లాసు కింద పెట్టేశాను. మూడు గంటలు! పది గంటల పది నిమిషాలకు అది గాల్లోనే ఉంటుంది.

అప్పుడే ఎందుకు చెప్పలేదని విచారణలో అడిగారు. మీకూ ఆ ప్రశ్నే వచ్చుంటుంది. ఆకాశం అద్దంలా ఉంది. హీటర్లు వేయకపోతే, జనరేటర్లు నీరసించినా ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది. చెబితే మాత్రం నీకెలా తెలుసంటారు. ఇరవై నాలుగేళ్ల పేరు పోతుంది. ఇలా లెక్కలు వేసుకుంటుండగా తొమ్మిదింటికి హెడ్‌ఫోన్‌లో హిమజ గొంతు.

"అక్కా, వింటున్నావా? బంగారంలా నడుస్తోంది! ఇదంతా నీ చేతి మహిమే, వెనక్కొచ్చాక ఫైల్లో నీ పేరు కూడా రాయిస్తా."

ఆ మాటకి ఏ మనిషైనా కరగాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ముష్టి వేస్తోందా నాకు? తన విస్తట్లోంచి ఒక ముద్ద తీసి పెడుతోందా? "సరేలే, పని చూసుకో," అన్నాను.

పది గంటలకింకా పది నిమిషాలుండగా మేజర్ గొంతు వచ్చింది. మబ్బు కమ్మింది, రెక్కల మీద మంచు పట్టుకుంటోంది, హీటర్లు పూర్తిగా వేశామన్నాడు. అప్పుడు కూడా మైకు ముట్టుకోలేదు. తేలిపోతుందేమో, దాటిపోతారేమో అని గోడ గడియారం చూస్తూ పదకొండు నిమిషాలు కూర్చున్నాను. ఎవరి శాపమో గానీ ఆ గడియారానికి ముల్లు కదిలిన ప్రతిసారీ చప్పుడయ్యేది. పదీ ఒకటికి మైకు లాక్కున్నాను.

"హిమజా! పదీ పదికి రెండు జనరేటర్లూ పడిపోతాయి. ఐదో వంతుకి. పదకొండు నిమిషాలు లేవవు."

"ఏంటక్కా? ఏమంటున్నావు?"

"నా టీ! రోజూ అదే వేళకి లోడు దించాను, తీగ నేర్చేసుకుంది. కిందికి దిగిపోండి!"

"దిగనీకె జాగ లేదు మేడమ్," అన్నాడు మేజర్. "కింద లోయ మొత్తం మబ్బే."

హిమజ రెండు ఊపిర్లు తీసింది, నాకు వినబడ్డాయి. "ఆరు నిమిషాలు ఆపి చల్లారిస్తే తీగ లెక్క మొదటికొస్తుంది. మేజర్ గారూ, ఒకటో నంబరు ఇప్పుడే ఆపేయండి. ఆరు నిమిషాల తర్వాత తిప్పండి. రెండోది పడేలోపు ఇది లేస్తుంది. అప్పటిదాకా సగం హీటర్లతో లాగాలి."

ఆ భయంలోనూ నాకు అసూయ కలిగింది. తొమ్మిది నిమిషాల్లో చావు ఉందని విన్న మనిషి రెండు ఊపిర్లలో జవాబు కనిపెట్టింది. నాకు పదిహేను రోజులు టైముండి కూడా ఆ జవాబు తట్టలేదు. నేను వెతకనేలేదు.

పదీ ఎనిమిదికి ఒకటో నంబరు లేచింది. పదీ పదికి రెండోది పడిపోయింది. సగం వేడితో ఇరవై నిమిషాలు ఈదారు. రెక్క మీద గడ్డకట్టిన మంచు పెళ్ల ఒకటి ఊడి వచ్చి పక్క కిటికీని పగలగొట్టింది. ఆ పెంకులు మేజర్ ఎడమకంట్లో దిగాయి. ఒంటికన్నుతో, రక్తం కారుతూనే, హెలికాప్టర్ని తెచ్చి స్థావరంలో దించాడు.

స్ట్రెచర్ వెళ్లిపోయాక కర్నల్ ఒకాయన నా రెండు చేతులూ పట్టుకుని, కింద కూర్చుని కనిపెట్టారు, మీరు లేకపోతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదన్నాడు. సుబేదారు సెల్యూట్ కొట్టాడు. ఇన్నేళ్లుగా నేను కోరుకున్న మెప్పు అదే. అది నా మీద పడుతుంటే ఒళ్లంతా కంపరమెత్తింది.

హిమజ వచ్చి నా ఎదుట బల్ల మీద కూర్చుంది. హెల్మెట్ ఇంకా తీయలేదు.

"టీ వేళ సంగతి ఆలోచిస్తే తట్టొచ్చు. పదకొండు నిమిషాలూ తట్టొచ్చు. ఐదో వంతని ఎలా తెలుసక్కా?"

అబద్ధం చెప్పొచ్చు. అంచనా వేశానంటే నమ్మేదేమో కూడా.

"చూశాను," అన్నాను.

"ఎప్పుడు?"

"పదిహేను రోజుల కింద. పుస్తకంలో మీటరు లోపమని రాశాను."

"ఎందుకు?"

"నీ మీద ఏడుపుతో. నీ పదమూడు కేజీలు చూసి ఓర్వలేక. ఇంకేం లేదు హిమజా, ఇంత మాత్రమే."

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కాసేపు నా మొహంలోకి చూసింది, తెలియని భాషలో ఉన్న బోర్డు చదవబోయినట్టు. తర్వాత లేచి మేజర్ని చూడటానికి ఆసుపత్రికి వెళ్లిపోయింది. తిరుగు ప్రయాణంలో నా పక్క సీటు ఖాళీగా ఉంది.

మేజర్‌కి ఎడమ కన్ను పోయింది. ఇక హెలికాప్టర్ నడపలేడు. పట్టాభి గారి ఎదుట కూర్చుని ఒక్క ముక్క దాచకుండా రాసిచ్చాను. విచారణ జరిగింది, ఉద్యోగం పోయింది. పెద్దకోడల్ని ఇంట్లో కూర్చోబెట్టారని తెలిసి అత్తగారు, "చిన్నదేమైనా చాడీ చెప్పిందటే?" అని నన్నే అడిగారు. "లేదత్తయ్యా, తప్పు నాదే," అన్నాను. శేషసాయి ఆ రోజు హాస్యమాడలేదు.

హిమజ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. కొత్త తీగ, కొత్త యంత్రాలు. ఈసారి టీకి వేళ లేదు, విరామానికి పాచికలు వేస్తారట. ఒక ఆదివారం పొద్దున్నే ఐలయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, చిన్న మేడమ్ నన్ను తిప్పమన్నది. నాకేమో చెయ్యి కుదుర్తలేదు. తీగ ఊకె మూల్గుతున్నది. జర చెప్తరా?"

"ఆవిడ పంపిందా?"

"లే మేడమ్. నేనే వచ్చిన."

కడుపులో మళ్లీ ఆ మంట లేచింది. పోయిందనుకున్నాను, ఎక్కడికి పోతుంది? నా బెంచి, నా మర, ఐలయ్య చేతిలో! ఒక చిన్న మాట తప్పు చెబితే చాలు, ఎవరూ కనిపెట్టలేరు. అలా అనుకుంటూనే అతన్ని వంటింట్లోకి తీసుకెళ్లి గ్యాసు పొయ్యి ముందు నిలబెట్టాను. గిన్నెలో నీళ్లు పోసి, మంట తిప్పే మర మీద అతని చెయ్యి పెట్టించాను. చూపు గిన్నె మీద వద్దు, చెవి పెట్టమన్నాను. నీళ్లు ఏ గొంతుతో పలికితే మంట తగ్గించాలో, ఏ గొంతుతో పలికితే ఆగాలో, వేలు కదలకముందే మణికట్టు ఎలా వదులవ్వాలో అన్నీ చెప్పాను. ఇరవై నాలుగేళ్లలో ఎవరికీ చెప్పని కిటుకు కూడా చెప్పాను.

మూడో ఆదివారం నేను కళ్లు మూసుకుని కూర్చుంటే అతను తిప్పాడు. నీళ్లు పొంగు దాకా వచ్చి వచ్చి ఆగుతున్నాయి, ఒక్కసారీ ఒకేలా కాదు, ఎప్పుడొస్తాయో ఎప్పుడాగుతాయో నాకే అందలేదు. నా చేతికి ఎన్నడూ అంత పట్టు లేదు.

అతను వెళ్లాక పద్దెనిమిది మెట్లు ఎక్కి పై వాటా తలుపు తట్టాను. నాలుగు నెలల్లో ఎక్కడం అదే మొదలు. హిమజ తలుపు తీసింది. చేతిలో కాగితాలున్నాయి.

"ఐలయ్య చెయ్యి నా చేతికన్నా మంచిది," అన్నాను. "ధైర్యంగా అప్పజెప్పు."

లోపలికి రమ్మనలేదు.

"సరేనండీ. మీరు చెప్పారని రాసుకుంటాను," అంది.